అరవకుండా చెప్పలేని మాట

గుడి వెనక, పాత పాటల పుస్తకాలూ కాలు విరిగిన కుర్చీలూ పడేసే గదిని ఖాళీ చేసి, అందులో రెండు టెలిఫోన్లు పెట్టారు. సాయంత్రాలు సంఘంలోంచి ఇద్దరు వచ్చి వాటి ముందు కూర్చుంటారు. ఎవరైనా సరే ఫోన్ చేసి మనసులో ఉన్నది చెప్పుకోవచ్చు. ఇవతల కూర్చున్నవాళ్ళు వింటారు. అంతే. సలహా ఇవ్వకూడదు. పేరు అడగకూడదు, చెప్పకూడదు. ఒకరి బతుకులో ఏది చెయ్యాలో మనం తేల్చకూడదు. గొంతు తెలిసినవాళ్ళదైతే ‘ఒక్క క్షణం’ అని రిసీవర్ పక్కవాళ్ళ చేతికిచ్చి బయటికి వెళ్ళిపోవాలి. ఈ పని చేస్తున్నట్టు ఇంట్లో కూడా చెప్పకూడదు. చేసిన మేలు చాటుకుంటే అది మేలు కాకుండా పోతుందని అమ్మగారి నమ్మకం. అమ్మగారంటే పాస్టరు అయ్యగారి భార్య. ఈ గది ఆమె ఆలోచనే.

ఆ గదిలో చిట్టి గొంతుకు పేరుంది. యాభై దాటిన మనిషిని చిట్టి అని పిలిచేది ఇప్పుడు లోకంలో ఒక్కరే, ఆమె అక్క. పగలంతా కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసి సాయంత్రం ఇక్కడికొచ్చి కూర్చునేది. ఇంట్లో మాత్రం దుకాణంలో ఆలస్యమవుతోందని చెప్పేది. ఫోన్ తీసి ‘చెప్పండమ్మా’ అంటే చాలు, అవతల ఏడుస్తున్నవాళ్ళు కాసేపు ఏడుపు ఆపి, ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందా అన్నట్టు ఊరుకునేవారు. ఆ తర్వాతే మొదలుపెట్టేవారు.

పక్క కుర్చీలో కూర్చునేది రిటైరయిన బస్సు కండక్టరు. సంఘమంతా ఆయన్ని టికెట్ మామయ్య అంటుంది. ఆయన మాట్లాడితే ఫోన్ తీగ అవసరం లేదనిపించేది. “ఏడవమ్మా, ఏడు! నేనెక్కడికీ పోను, నా డ్యూటీ అయిపోయింది!” అని గది అదిరేలా అరిచేవాడు. చిత్రమేమిటంటే ఆయన కోసం కూడా మళ్ళీ మళ్ళీ ఫోన్ చేసేవాళ్ళుండేవారు.

“అదేం గొంతమ్మాయ్!” అనేవాడు చిట్టితో. “వింటుంటే నాకే ఏదో ఒక కష్టం తెచ్చుకుని, పక్క ఫోన్లోంచి నీకు చెప్పుకోవాలనిపిస్తుంది.”

“మీకు కష్టమేంటి మామయ్యా. కష్టమంతా అత్తయ్యది కదా.”

“అదీ నిజమే!”

ఇంట్లో ఆ గొంతు పనికిరాదు.

అక్కకు చెవులు ఒక్కరోజులో పోలేదు. ముందు పిచ్చుకలు పోయాయి, తర్వాత గుమ్మం దగ్గర బెల్లు పోయింది, తర్వాత పక్కగదిలోంచి పిలిచే పిలుపు. మనుషుల మాటలు అన్నిటికన్నా ఆఖర్న పోయాయి. పోతూపోతూ కొన్ని ముక్కలు వదిలిపెట్టాయి. ఆ ముక్కల్ని ఎదుటి మనిషి ముఖంతో అతికించుకుని ఆమె అర్థం చేసుకునేది. బట్టలు కుట్టి చిట్టిని చదివించిన మనిషి. ఇప్పటికీ కిటికీ పక్కన మిషను ముందు కూర్చుని చుట్టుపక్కలవాళ్ళ బట్టలు బిగువు చేస్తుంది, వదులు చేస్తుంది. మిషను చప్పుడు పాదాలతో వింటుంది. దారం తెగితే చూడకముందే ఆగిపోతుంది.

చెవిలో పెట్టుకునే మిషను కొన్నారు. లోకమంతా ఒక్కసారిగా గిన్నెలు కింద పడేసినట్టుందని తీసి, దారపు రీళ్ళ డబ్బాలో వేసింది. చిట్టి కాగితం మీద రాసి చూపిస్తే, “నేను చెవిటిదాన్నే గానీ మూగదాన్ని కాదు, నోటితో చెప్పు” అని కాగితం మడిచి దానిమీద సూదులు గుచ్చుకుంది.

కాబట్టి చిట్టి అరుస్తుంది.

“అక్కా, పాలు పొంగుతున్నాయ్!”

“ఆ?”

“పాలు! పొంగుతున్నాయ్!”

“ఎందుకే అలా మీదపడతావ్? నెమ్మదిగా చెబితే వినపడదా నాకు?”

“వినపడదు!”

“అదిగో, మళ్ళీ.”

అరవడంలో ఒక విచిత్రం ఉంది. ‘మందు వేసుకున్నావా’ అని మామూలుగా అడిగితే అది ప్రేమ. అదే మాట మూడోసారి గొంతు చించుకుని అడిగేటప్పటికి ఛాతీ బిగుస్తుంది, మెడనరాలు తేలతాయి, కనుబొమలు దగ్గరకొస్తాయి. కోపానికి కావలసిన ఏర్పాట్లన్నీ ఒళ్ళు చేసి పెట్టాక, కోపం రాకుండా ఎలా ఉంటుంది? పిలవని చుట్టంలా వచ్చి కూర్చుంటుంది. మొదట్లో చిట్టి ఆ కోపం తనది కాదనుకునేది, గొంతుదనుకునేది. ఎప్పటినుంచి అది తనదైపోయిందో ఆమెకు తెలియదు. తెలుసుకోవాలని ఎప్పుడూ ప్రయత్నించలేదు కూడా. సాయంత్రం టెలిఫోన్ గదికి వచ్చి, మెత్తని గొంతు తొడుక్కుని, తను మంచిదాన్నని నమ్మకం కుదుర్చుకుని ఇంటికెళ్ళేది.

ఆ గురువారం మామయ్య తన ఫోన్లో ఎవరికో ధైర్యం చెబుతుండగా చిట్టి ఫోన్ మోగింది.

“చెప్పండమ్మా” అంది. ఆడవాళ్ళో మగవాళ్ళో తెలియకముందే అలా అనడం ఆమెకు అలవాటు.

“ఇదిగో, వినపడుతోందా? నేను గట్టిగా మాట్లాడుతున్నానా? నాకు తెలీదమ్మా, చెవులు సరిగా లేవు. గట్టిగా ఉంటే చెప్పండి, తగ్గించుకుంటాను.”

‘ఇదిగో’ దగ్గరే చిట్టి గుర్తుపట్టింది. ఇంట్లో సన్నికల్లంత బరువుగా పాత టెలిఫోన్ ఒకటుంది. చప్పుడు పెంచుకునే చక్రం ఉంటుందని దాన్ని అక్క కోసమే కొన్నారు. అక్క దాన్ని ఎప్పుడూ వాడగా చిట్టి చూడలేదు.

“లేదమ్మా, బాగానే ఉంది. చెప్పండి” అంది. ఆలోచించి అన్న మాట కాదు. ఏళ్ళ తరబడి వాడిన గొంతు దానంతట అదే లేచి జవాబిచ్చింది.

“అబ్బ!” అంది అక్క. “ఎంత చక్కగా వినపడుతోందో! ఫోను చెవికి అదుముకుంటే వినపడుతుందన్నారు గానీ నేను నమ్మలేదు. ఇంత మెల్లగా మాట్లాడే మనిషి మాట విని ఎన్నేళ్ళయిందో తెలుసా అమ్మా?”

చిట్టి మామయ్య వైపు చూసింది. ఇప్పుడు రిసీవర్ ఆయనకివ్వాలి. ఆయన వీపు అటు తిప్పి, కాళ్ళు బార్లా చాపుకుని మాట్లాడుతున్నాడు. భుజం మీద తడితే చాలు. తట్టలేదు. ఇస్తే అక్క చెప్పేది ఆయన వింటాడు, ఇవ్వకపోతే తను వింటుంది. సిగ్గు ఆపిందో ఆశ ఆపిందో, రెండూ కలిసి ఆపాయో ఆ నిమిషంలో ఆమెకు తేలలేదు. అక్క తనను గుర్తుపట్టలేదన్నది మాత్రం తేలింది. గుర్తుపట్టడానికి ఈ గొంతు అక్క వినుండాలి కదా. అక్క చెవులు బాగున్నప్పుడు చిట్టి గొంతు పడుచుపిల్ల గొంతు. తర్వాత వయసుతో వచ్చిన ఈ మెత్తదనం ఇంటి గడప దాటి లోపలికి ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

“నేను చెప్పేది మా చెల్లి గురించి” అంది అక్క. “చెడ్డది కాదు. ముందే చెబుతున్నాను, చెడ్డది కాదు. సంపాదించి పెడుతుంది, మందులు తెస్తుంది, నాకోసం ఏం తక్కువ చెయ్యదు. కాకపోతే నన్ను చూస్తే దాని ముఖం ఇలా అయిపోతుంది.”

ఫోన్లో కనపడదన్న సంగతి మరిచి అక్క ముఖం పెట్టి చూపిస్తోంది. ఎలా పెట్టిందో చిట్టికి చూడకుండానే తెలిసింది.

“ఎలా అవుతుందమ్మా?” అని అడిగింది.

“ఇలాగే. నుదురు ముడేసుకుని, నోరు ఇంత చేసి. వినపడనివాళ్ళం మాట వినం కదమ్మా, ముఖం వింటాం.”

“మీకు వినపడాలని గట్టిగా మాట్లాడుతుందేమో. అందుకని ముఖం అలా అవుతుందేమో.”

వినేవాళ్ళు ఎవరి తరఫునా వాదించకూడదు. చిట్టి ఆ నియమాన్ని ఇదివరకెప్పుడూ దాటలేదు.

“నేనూ అలాగే సరిపెట్టుకున్నానమ్మా, చాలాకాలం. కానీ మా గుడిలో ఒక కండక్టరాయన ఉన్నాడు. ఆయనా నాతో అరిచే మాట్లాడతాడు. ఆయన అరుస్తుంటే నాకు నవ్వొస్తుంది. అది అరిస్తే కుట్టే కుట్టు పక్కకు పోతుంది. అరుపుదేముంది? అరుపు అందరిదీ ఒకటే.”

చిట్టి పక్కన ఆ కండక్టరాయన అప్పుడే పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు అక్కకు వినపడలేదు.

గొంతుదే తప్పు అని ఇన్నాళ్ళూ పెట్టుకున్న ఆసరా అంత తేలిగ్గా జారిపోయింది. చిట్టి రిసీవర్ రెండో చెవికి మార్చుకుంది. అక్క మాటలు ఆ చెవిలో ఇంకా కొత్తగా, ఇంకా దగ్గరగా పడ్డాయి.

“ఇప్పుడు అసలు సంగతి” అంది అక్క. “మా సంఘం వాళ్ళు ముసలివాళ్ళ కోసం నడిపే విశ్రాంతి గృహంలో ఒక మంచం ఖాళీ అయింది. ఆదివారం గుడి అయ్యాక వస్తానో రానో చెప్పమన్నారు అక్కడి మేట్రన్ గారు. ఆ రోజే ప్రభువు బల్ల కూడా. రొట్టె తీసుకునేముందు ఎవరి మనసు వాళ్ళు తరచి చూసుకోవాలి కదా? చూసుకున్నాను. ఆ ఇంట్లో నేనెందుకున్నాను? దానికి నేను కావాలనా? లేక నాకు వేరే చోటంటే భయమనా? భయమేనమ్మా. నా భయం కోసం దాని బతుకంతా అరుచుకుంటూ గడపాలా? దానికీ ఓపిక ఉండొద్దూ. నేను వెళ్ళిపోతే దాని ముఖం మళ్ళీ దానికొస్తుందేమో.”

ఆ మాట విన్న వెంటనే చిట్టి మనసులో జరిగింది ఇది. కిటికీ పక్కన మిషను లేదు. అక్కడ ఒక పడక కుర్చీ ఉంది. దాని మీద ఎండ పడుతోంది. ఎవరూ ‘ఆ?’ అనడం లేదు. కుర్చీ ఎటు తిప్పితే ఎండ కళ్ళలో పడదో కూడా చూసుకుంది. అక్క వెళ్ళిపోతోందన్న బాధ ఆ తర్వాత వచ్చింది. వచ్చిన మాట నిజమే, గట్టిగానే వచ్చింది. కానీ రెండోదిగా వచ్చింది.

“ఉన్నారా అమ్మా?” అంది అక్క.

“ఉన్నాను.”

“నన్ను వెళ్ళమంటారా?”

“మీ మనసు ఏమంటోందమ్మా?” ఇలాంటప్పుడు అందరినీ అడిగే ప్రశ్నే అడిగింది.

“దానికేం తెలుసు. అదీ చెవిటిదే.” అక్క నవ్వింది.

“మీ చెల్లెలికి చెప్పారా?”

“ఎలా చెప్పను? చెబితే అరుస్తుంది. ఉండమని అరిచినా, పొమ్మని అరిచినా నాకు ఒక్కలాగే కనపడుతుంది. ఏమన్నావే అని మళ్ళీ అడగాలంటే జంకు. అందుకే మేట్రన్ గారికి మాటిచ్చాకే దానికి చెబుదామనుకున్నాను.”

“ఆమె మిమ్మల్ని ఉండమంటుందేమో.”

మాట జారిపోయింది. చిట్టి, అక్క గుర్తుపడితే బాగుండుననీ, గుర్తుపట్టకపోతే బాగుండుననీ రెండూ ఒకేసారి కోరుకుంది.

“మీరు మంచివారు. అందుకే అలా అనుకుంటున్నారు” అంది అక్క ఓదారుస్తున్నట్టుగా. “మీకు మా చెల్లి తెలీదు.”

ఫోన్ పెట్టేశాక మామయ్య ఫ్లాస్కులోంచి టీ పోసి ముందుకు జరిపాడు.

“ఏంటమ్మాయ్, ముఖం అలా పాలిపోయింది? తెలిసిన గొంతా?”

“కాదు మామయ్యా.”

“మరి?”

“మీరు ఇంత గట్టిగా మాట్లాడతారు కదా. అత్తయ్య ఎప్పుడూ నొచ్చుకోదా?”

“నొచ్చుకోకేం! నొచ్చుకుని వంటగదిలోకెళ్ళి నన్ను తిడుతుంది. ఆ గొంతు ముందు నాదెంత? వీధి చివర కుక్క లేచి నిలబడుతుంది.” తన మాటకు తనే నవ్వి, ఆమె నవ్వకపోవడం చూసి ఆగాడు. “తాగు. చల్లారిపోతోంది.”

ఆ సాయంత్రం ఇంటికెళ్ళేసరికి అక్క అన్నం వడ్డించుకుని ఎదురుచూస్తోంది. చిట్టి ముఖం వైపు ఒక్క చూపు చూసి, తల వంచుకుని తినసాగింది. ఆ చూపు రోజూ ఉండేదే. అది ఏం చూసుకుంటోందో చిట్టికి ఈ రోజే తెలిసింది. వాన వస్తుందా రాదా అని కిటికీలోంచి ఆకాశం చూసే చూపు అది.

వెళ్ళొద్దని చెప్పాలి. కానీ వెళ్తున్న సంగతి అక్క ఇంకా ఆమెకు చెప్పలేదు. చెప్పనిది తెలుసంటే ఎలా తెలుసో చెప్పాలి. ఆ ఫోన్లో మాట్లాడింది నేనే అనాలి. ఆ మాట అనుకోగానే చిట్టికి అక్క ముఖం కనపడింది. ఎన్నో ఏళ్ళకు మెల్లగా మాట్లాడే మనిషి ఒకరు దొరికారని మురిసిపోయి, మనసు విప్పి, చివరికి ఎవరి గురించి చెప్పుకుందో ఆ మనిషికే చెప్పుకున్నానని తెలిసిన ముఖం. అది తనవల్ల కాదనుకుంది. అక్క మీది జాలితోనా, తన సిగ్గు కొద్దీనా? ఎంత తవ్వినా రెండూ ఒకే వేరుకు చుట్టుకుని వస్తున్నాయి.

“ఏంటే, తినవేం?” అంది అక్క.

“తింటున్నా!” అని అరిచింది చిట్టి. అక్క తలూపింది.

శనివారం దుకాణంలో ఒక ముసలాయన కొత్త కళ్ళజోడు తీసుకోవడానికి వచ్చాడు. చిట్టి వంగి, జోడు కాడలు రెండూ ఆయన చెవుల వెనక్కి అమర్చి, వేలితో అక్కడ తడిమి చూసింది. “ఇక్కడ నొక్కుతోందా అండీ?” అని మెల్లగా అడిగింది. “లేదమ్మా, హాయిగా ఉంది” అన్నాడాయన. ముఖమూ ముఖమూ జానెడు దూరంలో ఉన్నాయి. రోజుకు ఎంతమంది చెవులు ఇలా తాకుతుందో ఆమె లెక్కపెట్టుకోలేదు. అక్క చెవి తాకి ఎన్నేళ్ళయిందో గుర్తు చేసుకోబోయింది, గుర్తురాలేదు. గట్టిగా అరవాలని అందరూ అంటారు గానీ, దగ్గరికెళ్ళాలని తనకెందుకు తోచలేదు? ఆ ఫోను చేసిన పని కూడా అంతే కదా, చెవికి దగ్గరగా వెళ్ళింది. అరిస్తే గది ఇవతలే ఉండిపోవచ్చు. దగ్గరికెళ్ళే శ్రమ తప్పుతుంది.

ఇంటికొచ్చి స్నానాలగది అద్దం ముందు నిలబడింది. దగ్గరికెళ్ళినా ముందు ముఖం బాగుండాలి. నుదురు వదులు చేసి, పెదవుల మీద నవ్వు ఉంచి, ‘అక్కా’ అని గట్టిగా అంది. నుదురు ముడిపడింది. నుదురు పట్టుకుని అంటే నవ్వు బిగుసుకుపోయింది. రెండూ పట్టుకుని అంటే గొంతు రాలేదు. కాసేపటికి అద్దంలో ఒక దొంగ కనపడసాగింది. మంచి ముఖం తొడుక్కుని ఎవరి ఇంట్లోనో దూరబోతున్న మనిషి.

ఆ ముఖంతోనే ముందుగదిలోకి వెళ్ళింది.

అక్క మిషను ఆపి చూసింది. “ఏంటే? పన్ను నొప్పా?”

చిట్టి తల అడ్డంగా ఊపింది.

“లవంగం పెట్టుకో. డబ్బాలో ఉంది. అలా ఇకిలించుకుని తిరిగితే తగ్గదు.”

నవ్వు ముఖం రాలిపోయింది. చిట్టి ఇంకా దగ్గరికి నడిచింది. అక్క మళ్ళీ బట్ట మీదికి వంగింది. తెల్లజుట్టు పక్కకు దువ్వుకున్న చోట ఆ చెవి కనపడుతోంది, ఎండిన ఆకులా పల్చగా. చిట్టి మిషను పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని నోరు ఆ చెవి దగ్గరికి తీసుకెళ్ళింది. ఏమనాలో కూడా అనుకోలేదు. ఉత్తినే ‘అక్కా’ అని, ఫోన్లో మనిషిలా అందామనుకుంది. ఆ తర్వాత ఏం జరిగితే అది జరుగుతుంది.

ఊపిరి తగలగానే అక్క ఉలిక్కిపడి పక్కకు వాలింది. చెయ్యి చివ్వున లేచి చెవి మూసుకుంది. కళ్ళు కూడా మూసుకుంది, దెబ్బ పడబోతుంటే చిన్నపిల్లలు మూసుకున్నట్టు.

“చెవిలో అరవకే తల్లీ” అంది కళ్ళు తెరవకుండానే. “గుయ్యిమంటుంది. ఎదురుగా నిలబడి అరువు, నేను చూస్తాలే.”

చిట్టి అనబోయిన మాట ఇంకా నోట్లోనే ఉంది. అక్క చెయ్యి చెవి మీదనుంచి దిగేదాకా చూసింది. దిగలేదు. లేచి వంటగదిలోకి వెళ్ళి, లవంగం తీసి పంటి కింద పెట్టుకుని నిలబడింది.

ఆదివారం వాళ్ళిద్దరూ ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నారు, మధ్య వరసలో. రెండు వరసల ముందు టికెట్ మామయ్య, అత్తయ్య. అటువైపు కిటికీ దగ్గర మేట్రన్, తెల్లచీరలో. అక్క ఆవిడను చూసి చిన్నగా తలూపింది. ఆ తల ఊపడం చిట్టి చూసింది.

అయ్యగారు వాక్యం చెప్పడం ముగించి, రొట్టె పంచేముందు ఎప్పటిలాగే సంఘాన్ని మౌనంగా ఉండమన్నారు. ఎవరి హృదయాన్ని వాళ్ళు పరీక్షించుకోవాలి. పసిపిల్లలు కూడా ఎందుకో ఆ కొద్దిసేపూ ఊరుకుంటారు. పైన ఫ్యాన్ తిరిగే చప్పుడు వినపడుతుంది.

చిట్టి కళ్ళు మూసుకుంది. అక్క ఉండాలి, అనుకుంది. ఎందుకు ఉండాలి? అక్క మీద ప్రేమతో. మరి ఆ పడక కుర్చీ? అది ఒక్క క్షణం మాట. క్షణమైనా ముందు వచ్చింది అదే కదా. అక్క వెళ్ళిపోతే సంఘంలో నలుగురూ ఏమనుకుంటారోనని ఉండమంటున్నావా? కావచ్చు. ఇంతమంది కన్నీళ్ళు తుడిచిన గొంతు ఇంట్లో మనిషికి పనికిరాలేదని ఒప్పుకోలేక ఉండమంటున్నావా? అదీ కావచ్చు. ఇవన్నీ తీసేస్తే అడుగున ఇంకేమైనా ఉందా? ఉంది. ఉన్నట్టే ఉంది. చిన్నప్పుడు జ్వరం వస్తే మిషను ఆపి, ఒళ్ళో పడుకోబెట్టుకుని, కత్తిరించిన బట్టముక్కలతో ఆడించిన మనిషి పోకూడదు. అంతే. కారణం లేదు, పోకూడదు. అది దొరికాక చిట్టికి ఏడుపొచ్చింది. దొరికినది ఎవరికీ ఇవ్వలేని చోట దొరికింది.

రొట్టె పళ్ళెం వరసల వెంట కదిలింది.

అప్పుడు అక్క ఆమె వైపు వంగింది. రహస్యంగా చెబుతున్నాననుకుంది. వినపడనివాళ్ళ రహస్యం గుడి చివరిదాకా వినపడుతుంది.

“చిట్టీ, చెప్పకుండా రొట్టె తీసుకోవడానికి మనసొప్పట్లేదే. నేను విశ్రాంతి గృహానికి వెళ్ళిపోతున్నాను. ఇవాళే మేట్రన్ గారికి మాటిచ్చేస్తాను. నువ్వు సుఖంగా ఉండు.”

ముందు వరసల్లో ఒకటి రెండు తలలు కదిలాయి. మేట్రన్ ఒళ్ళోకి చూసుకుంది.

ఇప్పుడు చెప్పొచ్చు. అక్క తన నోటితో తనే చెప్పింది. ఇక దాచుకోవలసింది ఏమీ లేదు, చిట్టికి దారి దొరికింది. అక్క ముఖంలోకి చూసి, తనకున్న మెత్తదనమంతా కూడదీసుకుని, “వెళ్ళొద్దక్కా” అంది.

“ఆ?” అంది అక్క.

“వెళ్ళొద్దు.”

“ఏంటే? వినపడట్లేదు.”

చిట్టి అక్క చెయ్యి పట్టుకుంది. మరో చెయ్యి తన గుండె మీద పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. అక్క ఆ చేతినీ ఆ తలనీ మార్చి మార్చి చూసింది. ఆ ఊపడం ‘వెళ్ళొద్దు’ అనా, ‘ఇప్పుడు మాట్లాడొద్దు’ అనా ఆమెకు తేలలేదు. పళ్ళెం పక్కవాళ్ళ దాకా వచ్చేసింది. అక్క చెయ్యి విడిపించుకుని అటు చాచింది. ఆ రొట్టె తీసుకుంటే అయిపోయినట్టే, మాట ఇచ్చేసినట్టే అనిపించింది చిట్టికి. అందులో న్యాయం లేదు, కానీ అలాగే అనిపించింది.

“వెళ్ళొద్దక్కా!”

ఆ మౌనంలో ఆ అరుపు గోడల్ని తాకి తిరిగొచ్చింది. పసిపిల్ల ఒకటి ఏడుపు అందుకుంది. అయ్యగారు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది. టికెట్ మామయ్య వెనక్కి తిరిగి, అంత కరుకుగా అరిచింది ఎవరా అని వరసలన్నీ వెతికాడు. ఆయన చూపు చిట్టిని దాటి వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చింది.

అక్క చిట్టిని చూసింది. బిగుసుకున్న నుదుటిని, తెరుచుకున్న నోటిని, తేలిన మెడనరాలను ఒక్కొక్కటిగా చూసింది. అందులో కొత్తగా ఏమైనా ఉందేమోనని వెతికినట్టుగానే చూసింది. చిట్టి కళ్ళనిండా నీళ్ళున్నాయి. అరిచి అరిచి కళ్ళలో నీళ్ళు రావడం అక్క ఇదివరకూ చూసిందే.

“సరే, సరే” అంది, చిట్టి చేతి మీద మెల్లగా తడుతూ. “అందరూ చూస్తున్నారు. ఇంటికెళ్ళాక తిడుదువుగానీలే.”

రొట్టెముక్క తీసుకుని నోట్లో వేసుకుంది. పళ్ళెం చిట్టి చేతిలో పెట్టింది. పెట్టి, కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ ప్రార్థన చేసుకోసాగింది. ఆ ప్రార్థన కూడా గట్టిగానే వినపడుతోంది. మా చిట్టికి శాంతినివ్వు ప్రభువా, అంటోంది. దాని ఓపికకు దీవెననివ్వు.